జోసెఫ్ ఫోరియర్

జోసెఫ్ ఫోరియర్ (మార్చి 21, 1768 - మే 16, 1830) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ గణిత, భౌతిక శాస్త్రవేత్త. ఆవర్తన తరంగం ఏ ఆకారంలో ఉన్నా దానిని సైన్, కొసైన్ తరంగాల మొత్తంగా విడదీయవచ్చునని ఇతడు ప్రతిపాదించాడు. నేటి రెక్టిఫైయర్లు, ఇన్వర్టర్లలో తరంగ వికృతిని లెక్కగట్టి తగ్గించడానికి ఈ సిద్ధాంతమే ఆధారము.

బాల్యము, విద్య

ఫోరియర్ ఓసేర్ పట్టణంలో ఒక దర్జీ ఇంట జన్మించాడు. సుమారు పదేళ్ళ వయసుకే తల్లిదండ్రులను కోల్పోయాడు. బెనెడిక్టైన్ సన్యాసులు నడిపే సైనిక పాఠశాలలో చదివాడు. ఫిరంగి దళంలో చేరగోరినా, ఉన్నత వంశీయుడు కానందున అవకాశం దక్కలేదు. 1787లో మఠంలో చేరి, దీక్ష తీసుకోకుండానే 1789లో వెలుపలికి వచ్చి ఉపాధ్యాయుడయ్యాడు. విప్లవ కాలంలో స్థానిక సంఘంలో పనిచేసి 1794లో నిర్బంధానికి గురయ్యాడు. రోబెస్పియర్ పతనం కావడంతో విడుదలయ్యాడు. 1795లో ఎకోల్ నార్మాల్‌లో లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్‌లకు శిష్యుడయ్యాడు.

1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్ళి, 1801లో తిరిగివచ్చాడు. 1802 నుండి గ్రెనోబుల్ కేంద్రంగా ఇజేర్ ప్రాంతానికి పాలనాధికారిగా ఉన్నాడు. బూర్గ్వాన్ చిత్తడి నేలల్లోని నీటిని తోడించి సాగుకు తెచ్చిన ఘనత ఈయనదే. పగలు దస్త్రాలు చూసే అధికారి గణితానికి సమయం ఎలా మిగుల్చుకున్నాడో ఆశ్చర్యమే.

ఉష్ణ సిద్ధాంతము, వివాదము

ఘనపదార్థాలలో వేడి ఎలా వ్యాపిస్తుందో వివరించే పరిశోధన పత్రాన్ని 1807 డిసెంబరులో పారిస్‌లోని ఇన్‌స్టిట్యూట్‌కు సమర్పించాడు. పరీక్షకులలో ఆయన గురువులే ఉన్నారు. మెలికలు లేని సైన్ తరంగాలను ఎన్ని కలిపినా పదునైన మూలలు గల ఆకారం ఎలా వస్తుందని లగ్రాంజ్ అభ్యంతరం చెప్పాడు. ఆ పత్రం ప్రచురణకు నోచుకోలేదు. ఇదే విషయంపై ప్రకటించిన పోటీలో 1812లో బహుమతి లభించినా, నిరూపణలో కచ్చితత్వం చాలదన్న విమర్శ తప్పలేదు. చివరకు 1822లో గ్రంథం వెలువడింది. అంటే పదిహేనేళ్ళ నిరీక్షణ. లగ్రాంజ్ సందేహం పూర్తిగా అసంగతమని కూడా అనలేము. ఈ శ్రేణులు ఏ నియమాలకు లోబడి సరిపోతాయో 1829లో డిరిష్లే నిరూపించాకే ఆ వాదనకు గట్టి పునాది ఏర్పడింది.

విద్యుత్ రంగంలో వినియోగము

ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చే రెక్టిఫైయరు, సరఫరా నుండి నునుపైన సైన్ తరంగాన్ని గాక మెట్లుమెట్లుగా ఉన్న కరెంటును తీసుకుంటుంది. ఫోరియర్ పద్ధతిలో విడదీస్తే అందులో 50 హెర్ట్జ్ మూల తరంగంతో పాటు దాని గుణిజాలైన హార్మోనిక్కులు కనిపిస్తాయి. మూడు ఫేజుల ఆరు పల్సుల రెక్టిఫైయరులో ఇవి 5, 7, 11, 13 ... క్రమంలో ఉంటాయి. ఆదర్శ స్థితిలో 5వది మూల తరంగంలో 20 శాతం, 7వది సుమారు 14 శాతం; మొత్తం వికృతి సుమారు 31 శాతం. వీటివల్ల ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు అదనంగా వేడెక్కుతాయి. వేడిని గురించి పుట్టిన గణితం మళ్ళీ వేడి దగ్గరికే చేరడం విచిత్రం.

నివారణ కూడా ఈ లెక్కలోనే దొరుకుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు చుట్టను స్టార్‌గాను, మరొకదానిని డెల్టాగాను కలిపితే వాటి మధ్య 30 డిగ్రీల తేడా వస్తుంది. అప్పుడు రెండు రెక్టిఫైయర్ల 5, 7 హార్మోనిక్కులు ఎదురెదురై రద్దవుతాయి. ఈ పన్నెండు పల్సుల అమరికలో వికృతి సుమారు 15 శాతానికి తగ్గుతుంది. మిగిలిన 11, 13 లకు ఫిల్టర్లు అమర్చుతారు. విశాఖపట్నం గాజువాకలోని ఏకముఖ విద్యుత్ అనుసంధాన కేంద్రం వంటి చోట్ల ఉన్నవి ఇటువంటి కన్వర్టర్లే. ఇన్వర్టర్లలో స్విచ్చులను సెకనుకు వేలసార్లు వేసి తీస్తూ పల్సుల వెడల్పు మార్చుతారు. దానితో వికృతి ఎక్కువ పౌనఃపున్యాలకు జరిగి, చిన్న ఫిల్టరుతోనే పోతుంది.

చివరి సంవత్సరాలు

1817లో సైన్సు అకాడమీకి ఎన్నికైన ఫోరియర్, 1822లో దాని శాశ్వత కార్యదర్శి అయ్యాడు. భూగోళపు ఉష్ణోగ్రతలపై 1824లో రాసిన పత్రాన్ని నేటి హరితగృహ ప్రభావ చర్చకు తొలిమెట్టుగా భావిస్తారు. 1830 మే 16న పారిస్‌లో మరణించాడు. ఈఫిల్ టవరుపై చెక్కిన 72 మంది పేర్లలో ఈయన పేరు కూడా ఉంది.