ల్యాబ్ రిపోర్టు వెనక మన యల్లాప్రగడ

ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రికి కిడ్నీ జబ్బుతో వచ్చేవారి రిపోర్టుల్లో రెండు పేర్లు తరచూ కనిపిస్తాయి. ఒకటి క్రియాటినిన్, రెండోది ఫాస్ఫరస్. వాటి పక్కనున్న అంకె పెరిగితే ఇంటిల్లిపాదికీ కంటి మీద కునుకుండదు. వెంటనే పప్పు మానేయాలా, గుడ్డు పెట్టొచ్చా అన్న చర్చ మొదలవుతుంది. ఈ రెండు అంకెల వెనకా భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాడి కృషి ఉంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

అన్నదమ్ములను మింగిన పేగు జబ్బు

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. తర్వాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపుతో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్ దక్కలేదు. అంతకన్నా చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. ఇద్దరు సోదరులు రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుకు బలయ్యారు. మన పెద్దలు సంగ్రహణి అన్న జబ్బులకు ఇది దగ్గరిది. పేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు, రక్తం పలచబడుతుంది, కండ కరిగిపోతుంది. ఎదుట అన్నం ఉన్నా మనిషి శుష్కించిపోతాడు. ఆ జబ్బు సుబ్బారావునూ పట్టుకుంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నారు. తర్వాత లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పారు. తిన్నదంతా ఒంటికి పట్టినట్టు కాదన్న సంగతి ఆయనకు పుస్తకాల కన్నా ముందు ఇల్లే నేర్పింది.

రాత్రి ఆసుపత్రి కొలువు

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు అండగా నిలవడంతో 1920ల ఆరంభంలో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువుకు సీటు దొరికింది గానీ బతుకు గడవడానికి డబ్బు లేదు. పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే కొలువులో చేరారు. ప్రపంచంలో తొలిసారి కిడ్నీ మార్పిడి విజయవంతమైంది అక్కడే, 1954లో. అప్పటికి ఆయన లేరు.

నీలి రంగు చెప్పిన లెక్క

హార్వర్డ్ జీవరసాయన విభాగానికి అప్పట్లో ఒట్టో ఫోలిన్ అధిపతి. మూత్రంలో క్రియాటినిన్‌ను రంగుతో కొలిచే పద్ధతిని వాడుకలోకి తెచ్చిన ఘనత ఆయనదే. అక్కడే సైరస్ ఫిస్కే దగ్గర సుబ్బారావు చేరారు. ఇద్దరూ కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. నమూనాకు మాలిబ్డేట్‌ తదితర రసాయనాలు కలిపితే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో ఇప్పటికీ వైద్య విద్యార్థులు దీన్ని చదువుతున్నారు.

ఆ పద్ధతితోనే కండరాన్ని శోధించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను వెలుగులోకి తెచ్చారు. ఇది కండరం అవసరానికి దాచుకునే శక్తి. కండరం పనిచేస్తే తరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ నిండుతుంది. ఇందులోని క్రియాటిన్‌లో కొంత రోజూ క్రియాటినిన్‌గా మారి రక్తంలో కలుస్తుంది. దాన్ని బయటకు పంపే పని కిడ్నీలది. అవి మందగిస్తే రక్తంలో అంకె పెరుగుతుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. క్రియాటినిన్ పుట్టేది కండరంలో కాబట్టి, కండ కరిగిన పెద్దవయసువారిలో కిడ్నీ దెబ్బతిన్నా అంకె మామూలుగానే కనిపించవచ్చు. అందుకే డాక్టర్లు వయసు, ఆడా మగా కూడా చూసి ఈజీఎఫ్ఆర్ లెక్కిస్తారు.

మళ్లీ పేగు దగ్గరికే

ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లే సంస్థకు మారారు. అక్కడ ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను పొట్టనబెట్టుకున్న స్ప్రూకు అదే మందుగా తేలింది. బోదకాలు మందు హెట్రజాన్, తొలి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్, లుకేమియాపై వాడిన అమినోప్టెరిన్ కూడా ఆయన హయాంలోనివే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే నిద్రలో కన్నుమూశారు. అమెరికా వెళ్లాక మళ్లీ ఇంటి ముఖం చూడలేదు.

మన వంటింటికి ఏం పనికొస్తుంది?

ముషీరాబాద్ నుంచి ఉస్మానియా క్యాంపస్ మీదుగా తార్నాక వెళితే జాతీయ పోషకాహార సంస్థ వస్తుంది. 1918లో కూనూర్‌లో మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. ఆరోగ్యవంతులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలన్నది ఈ సంస్థ 2020లో ఇచ్చిన లెక్క. అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. డయాలిసిస్ దశకు చేరని కిడ్నీ రోగులకు సాధారణంగా 0.6 నుంచి 0.8 గ్రాములు సూచిస్తారు. డయాలిసిస్ మొదలైతే 1 నుంచి 1.2 గ్రాములకు పెంచుతారు. ఎవరికెంతన్నది డాక్టరు, డైటీషియన్ తేల్చాలి. భయంతో పప్పు, గుడ్డు, పెరుగు మొత్తం మానేస్తే ఒంట్లో కండే కరిగి వ్యర్థాలుగా మారుతుంది. బలం కోసమని ప్రోటీన్ పొడులు కలిపి తాగడమూ ముప్పే.

పేగునూ మరవకూడదు. అరగని ప్రోటీన్ పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని కుళ్లబెట్టి ఇండాక్సిల్ సల్ఫేట్ వంటి విషాలకు మూలపదార్థాలను తయారుచేస్తుంది. దెబ్బతిన్న కిడ్నీలు వాటిని సరిగా బయటకు నెట్టలేవు. మలబద్ధకం ఉంటే బ్యాక్టీరియాకు మరింత సమయం చిక్కుతుంది. అందుకే పీచు అవసరం. కాకపోతే పొటాషియం అంకెను బట్టి ఏ కూరలు, పండ్లు తినొచ్చో అడిగి తెలుసుకోవాలి.

ఫాస్ఫరస్ సంగతీ పేగు చేతిలోనే ఉంది. పప్పుల్లోని ఫాస్ఫరస్‌లో సగమో అంతకన్నా తక్కువో ఒంటికి పడుతుంది. కోలా పానీయాల్లో, ప్యాకెట్ మాంసంలో కలిపే ఫాస్ఫేట్లు దాదాపు పూర్తిగా పడతాయి. కాబట్టి ముందు మానాల్సింది ఇవి. ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టి ఉంచే మాత్రలు రాస్తే అన్నంతో పాటే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే పట్టి ఉంచడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఈసారి రిపోర్టు చేతికొచ్చినప్పుడు అంకె చూసి కంచంలోంచి ఒక్కొక్కటే తీసేయకండి. ఆకలి ఎలా ఉంది, మలం సాఫీగా అవుతోందా, బరువు తగ్గుతున్నారా... ఈ మూడూ రాసుకుని డాక్టరుకు చెప్పండి.