హెన్రీ లీలండు

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్యభాగమున వెర్మాంటు అను చిన్న రాష్ట్రము కలదు. కొండలతోను, పచ్చికబయళ్ళతోను నిండిన ఆ సీమలో 1843వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన ఒక సామాన్య కర్షకుని యింట హెన్రీ మార్టిన్ లీలండు జన్మించెను. ఆ యింట సంతానమెక్కువ, రాబడి తక్కువ. అందుచేత ఆ కుటుంబము మసాచుసెట్సు రాష్ట్రములోని వూస్టరు పట్టణమునకు తరలిపోయెను. బాలుడు చిన్నతనముననే చదువు చాలించి, మగ్గములను తయారుచేయు కర్మాగారమొకదానిలో పని నేర్చుకొనుటకు కుదిరెను. లోకములోని ధనవంతులు కోరి కొనుక్కొన్న కాడిలాక్, లింకన్ అను రెండు కార్లకును మూలపురుషుడు ఈ బాలుడే.

1861లో ఆ దేశమున ఉత్తర దక్షిణ రాష్ట్రములకు అంతర్యుద్ధము సంభవించెను. యుద్ధకాలమున లీలండు స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములోని ప్రభుత్వ ఆయుధశాలలో పనిముట్లు చేయు పనివాడుగా చేరెను. ఆయన జీవితాంతము విడువని విద్య అచ్చటనే పట్టుబడెను.

ఒక వడ్రంగి ఒక బండికై చేసిన చక్రము వేరొక బండి యిరుసునకు సరిపడదు. చెక్కియో, గుడ్డపేలిక చుట్టియో సరిపుచ్చుకొనవలెను. పూర్వము తుపాకుల సంగతియు నిట్లే యుండెను. ఒక తుపాకి మీట విరిగినచో, కొత్త మీటను ఆ తుపాకికే అమరునట్లు ఆకురాయితో రాచిరాచి చేయవలసివచ్చెడిది. స్ప్రింగ్‌ఫీల్డులో అట్లు గాదు. అచ్చట ఒక్కొక్క భాగమును ఒకే కొలతకు వేలకొలది చేయుచుండిరి. ఏ మీటయైనను ఏ తుపాకికైనను అమరును. యుద్ధభూమిలో విరిగిన పది తుపాకులను విప్పి, బాగున్న భాగములను ఏరి, అయిదు మంచి తుపాకులను కూర్చుకొనవచ్చును. చూచుటకు చిన్న ఉపాయమే గాని, నేడు మన యిండ్లలోని కుట్టుయంత్రము మొదలు రైలుబండి వరకు అన్నియు ఈ ఉపాయము మీదనే ఆధారపడియున్నవి.

ఆ ఆయుధశాల కాలముననే, 1864లో, ఇరువదియొక్క యేండ్ల లీలండు తన మొట్టమొదటి వోటును ఏబ్రహాం లింకనునకు వేసెను. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

యుద్ధానంతరము ఆయన హార్ట్‌ఫర్డులో కోల్టు తుపాకుల కర్మాగారమున పనిచేసి, 1872లో ప్రావిడెన్సు నగరములోని బ్రౌన్ అండ్ షార్పు సంస్థలో ప్రవేశించెను. యంత్రసాధనములకును, కొలత పరికరములకును అది పేరెన్నికగన్న సంస్థ. అంగుళమును వేయి భాగములు చేసి, అందులో ఒక్క భాగమును గూడ చూపగల మైక్రోమీటరు అను పరికరము అచ్చట తయారగుచుండెను. మనము చదువు పుస్తకములోని ఒక్క కాగితము దళసరి అట్టి భాగములు మూడో నాలుగో యుండును. లీలండు ఆ కాగితమును గూడ ముతకగా భావించు మనిషియై తయారయ్యెను. ఆయన కుట్టుయంత్రముల శాఖకు అధికారియై, పదునెనిమిది సంవత్సరములు ఆ సంస్థలో గడపెను.

1890లో, నలుబదియేడవ యేట, ఆయన ఉన్న ఉద్యోగమును వదలి డెట్రాయిట్ నగరమునకు వచ్చెను. కలపవ్యాపారమున ధనమార్జించిన ఫాల్కనరు అను నతడు పెట్టుబడి పెట్టెను. పనితనము లీలండుది. కొడుకు విల్‌ఫ్రెడు తండ్రికి కుడిభుజముగా నిలిచెను. వారి కర్మాగారములో సైకిళ్ళకు పండ్లచక్రములు, పడవలకు ఇంజన్లు తయారగుచుండెను. అచ్చట చేసిన పండ్లచక్రములు తిరుగునపుడు చప్పుడు చేయవని పేరు వచ్చెను. పనివారితో లీలండు మృదువుగా మాటలాడువాడు గాని, కొలత తప్పిన వస్తువును మాత్రము క్షమించువాడు గాడు. ఎంత కష్టపడి చేసినదైనను దానిని చెత్తలో పారవేయవలసినదే. కార్మిక సంఘములన్నచో ఆయనకు గిట్టదు. వానిని ఎదిరించిన యజమానుల కూటములో ఆయన ప్రముఖుడు. ఈ యొక్క విషయమున ఆయనను మెచ్చుకొనుట కష్టము.

ఆ దినములలో మోటారుబండ్లు అప్పుడప్పుడే వీధులకెక్కుచుండెను. 1901లో ఓల్డ్స్ అను కార్ల సంస్థవారు తమ ఇంజన్లను కొన్నిటిని లీలండు చేతను, కొన్నిటిని డాడ్జి సోదరుల చేతను చేయించుకొనిరి. నమూనా రెండింటికిని ఒక్కటియే. అయినను లీలండు చేసిన ఇంజను ఎక్కువ బలమును చూపెను. భాగముల నడుమ సందు సరిగా నుండుటయే అందులకు కారణము. ఆయన అంతటితో ఊరకుండక, దానిని మరికొంత మార్చి పది అశ్వబలములకు మించిన శక్తినిచ్చునట్లు చేసెను. ఓల్డ్సువారు మాత్రము, ఈ ఇంజనును స్వీకరించినచో తమ పని ఆలస్యమగునని తలచి దానిని వలదనిరి. మంచి సరకు గుమ్మము వరకు వచ్చి వెనుకకు మరలినది.

మరుసటి సంవత్సరమే దానికి చోటు దొరకెను. హెన్రీ ఫోర్డు పేరుతో డెట్రాయిట్‌లో ఒక కార్ల సంస్థ యుండెడిది. దాని భాగస్వాములకును ఫోర్డునకును పొసగలేదు. వారు లీలండు సలహాను కోరుట గూడ ఫోర్డునకు రుచింపలేదని చెప్పుదురు. 1902 మార్చిలో ఆయన ఆ సంస్థను విడిచిపోయెను. భాగస్వాములు విసిగి, ఉన్న యంత్రములను అమ్మివేయదలచి, వాని వెల కట్టుటకై ఆగస్టులో లీలండును పిలిపించిరి. ఆయన వెల కట్టి యిచ్చెను. దానితోపాటు తన ఇంజనును గూడ వారి యెదుట పెట్టి, సంస్థను మూయవలదనియు, ఈ ఇంజనుతో కార్లు చేయుడనియు హితవు చెప్పెను. వారు సమ్మతించిరి. రెండు శతాబ్దులకు పూర్వము, 1701లో, డెట్రాయిట్ నగరమును స్థాపించిన కాడిలాక్ అను ఫ్రెంచివాని పేరును సంస్థకు పెట్టిరి. పేరుగల హెన్రీ ఫోర్డు పోయి, పేరులేని హెన్రీ లీలండు వచ్చెను. ఇరువది సంవత్సరముల తరువాత ఈ కథ తలక్రిందులగును.

మొదటి కాడిలాకునకు ఒక్కటే సిలిండరు. వెల 750 డాలర్లు. 1903 జనవరిలో న్యూయార్కు ప్రదర్శనమున రెండువేలకు మించిన కార్లకు బేరము కుదిరెను. నాటి కారు యజమానుని అవస్థ నేటివారికి తెలియదు. దారిలో ఏ భాగమైనను విరిగినచో ఊరి కమ్మరియే దిక్కు. కర్మాగారమునుండి కొత్తభాగమును తెప్పించినను, దానిని రాచి, తొలిచి, కొట్టి ఇరికించిన గాని అమరదు. కాడిలాక్ కొన్నవాడు కొత్తభాగమును పెట్టెలోనుండి తీసి, పాతదాని చోటున బిగించుకొని సాగిపోవచ్చును. లీలండు అమ్మినది కారే గాని, కొన్నవారికి దానితోపాటు ఒక నిశ్చింత గూడ చేతికందెను.

ఆయన ఇట్టి పట్టుదలను తనకు సరకు పంపువారియందును చూపెను. ఆల్ఫ్రెడ్ స్లోను అను యువకుడు బేరింగులను చేయు సంస్థకు అధికారి. అతడు పంపిన బేరింగులు బాగుగా నిలువలేదను ఫిర్యాదు వచ్చి, అతడు లీలండు గదికి పోయెను. ఆయన మైక్రోమీటరు తీసి అతని బేరింగులను అతని యెదుటనే కొలిచి, ఒకదానికొకటి సరిపోవని చూపెను. వేలకొలది చేసినను మొదటిదియు చివరిదియు ఒకే తీరున నుండవలెనని బోధించెను. స్లోను ఆనాటి పాఠమును మరువలేదు. తరువాత 1923లో అతడే జనరల్ మోటార్స్ మహాసంస్థకు అధ్యక్షుడయ్యెను.

ఇంగ్లండు దేశీయులకు అమెరికా కార్లన్న చులకన యుండెడిది. చేతిపనివాడు ఒక్కొక్క కారును శ్రద్ధగా కూర్చినగాని అది మేలైనది కాజాలదని వారి నమ్మకము. లండనులో కాడిలాక్ కార్లను అమ్ము బెన్నెట్టు అను నతడు ఒక పరీక్షకు సిద్ధపడెను. 1908 ఫిబ్రవరి కడపట రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారు అతని దుకాణమునకు వచ్చి, అచ్చటనున్న కార్లలో తమకు తోచిన మూడింటిని ఏరుకొని, బ్రూక్లండ్స్ పందెపు బాటకు నడిపించుకొనిపోయిరి. అచ్చట మూడింటిని పూర్తిగా విప్పిరి. ఒక్కొక్క కారునుండి 721 భాగములు వచ్చెను. వానినన్నిటిని ఏది యే కారుదో తెలియకుండునట్లు కలిపివేసిరి. అంతటితో తృప్తి చెందక, 89 భాగములను తీసివేసి, వాని స్థానమున దుకాణములోని కొత్తభాగములను తెచ్చి పోసిరి. తరువాత పనివారిని పిలిచి, ఈ రాశినుండి మరల మూడు కార్లను కూర్చుడనిరి. స్పానర్లు, స్క్రూడ్రైవర్లవంటి సామాన్య పనిముట్లు ఇచ్చిరి. ఆకురాయిని మాత్రము ముట్టనీయలేదు.

కార్లు సిద్ధమయ్యెను. ఒకదాని రంగు వేరొకదానితో కలియుటచేత అవి విచిత్రవేషములు ధరించినట్లుండెను. హ్యాండిలు త్రిప్పగనే ఇంజన్లు నడచినవి. మూడును ఆ బాటమీద 500 మైళ్ళు చొప్పున పరుగెత్తెను. పరీక్షకులకు ఇంకను సంశయము మిగిలియుండుటకు వీలులేకపోయెను. ఆ సంవత్సరపు డ్యూయర్ బహుమతిని కాడిలాకునకే యిచ్చిరి. అమెరికా కారునకు ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము.

1909లో జనరల్ మోటార్స్ స్థాపకుడైన డ్యూరంటు కాడిలాక్ సంస్థను కొనెను. అయినను లీలండులు తండ్రికొడుకులే దానిని నడుపుచుండిరి. అంతవరకు కారును నడపదలచినవాడు ముందుభాగమున హ్యాండిలు పెట్టి బలముగా త్రిప్పవలసియుండెను. ఒక్కొక్కసారి అది వెనుకకు తన్ని చేతులు విరుగగొట్టెడిది. లీలండు స్నేహితుడొకడు దారిలో నిలిచిపోయిన ఒక స్త్రీ కారునకు సాయపడబోయి, ఆ హ్యాండిలు దెబ్బచే మరణించెననియు, ఆ దుఃఖముననే ఆయన దీనికి విరుగుడు వెదకెననియు ఒక కథ ప్రచారములో నున్నది. ఆ కథలోని వివరములను చరిత్రకారులందరును ఒప్పుకొనరు. ఆయన విరుగుడు వెదకినమాట మాత్రము నిజము. డేటను నగరములోని చార్లెస్ కెట్టరింగు అను యువకుడు అంతకుముందు దుకాణములలో డబ్బు లెక్కించు యంత్రమునకు చిన్న విద్యున్మోటారును అమర్చినవాడు. మోటారు నిరంతరము పనిచేయనక్కరలేదు, రెండు క్షణములు బలము చూపిన చాలునని అతడు గ్రహించియుండెను. ఆ సూత్రముతోనే కారు స్టార్టరును చేసెను. 1912 సంవత్సరపు కాడిలాక్ కార్లలో అది అమరెను. దీపములును విద్యుత్తుతోనే వెలిగెను. కాడిలాకునకు డ్యూయర్ బహుమతి రెండవసారియు వచ్చెను. అటుపిమ్మట బలముగల మగవాని తోడులేకయే స్త్రీలును, వృద్ధులును కార్లను నడుపుకొనజొచ్చిరి.

1914లో ఎనిమిది సిలిండర్ల కాడిలాక్ వెలువడెను. అప్పటికి లీలండునకు డెబ్బదియొక్క యేండ్లు. ఇక విశ్రమించునని అందరును తలచియుందురు. 1917లో అమెరికా ప్రపంచయుద్ధమున ప్రవేశించెను. విమానములకు లిబర్టీ ఇంజన్లను చేయు విషయమై డ్యూరంటుతో భేదాభిప్రాయము కలిగి, లీలండు కాడిలాకును విడిచిపెట్టెను. డెబ్బదినాలుగేండ్ల వయస్సున కొత్త సంస్థను ప్రారంభించి, దానికి తన మొదటి వోటును పొందిన మహనీయుని పేరు పెట్టెను. లింకన్ కర్మాగారమునుండి యుద్ధము ముగియువరకు 6,500 ఇంజన్లు వెలువడెను.

శాంతి నెలకొనగనే ఇంజన్ల అవసరము తీరెను. వేలకొలది పనివారు, అప్పుచేసి కట్టిన కర్మాగారము మిగిలిరి. లీలండు పేరును చూచి జనులు ఆయన సంస్థలో వాటాలు కొనిరి. 1920 సెప్టెంబరులో లింకన్ కారు వెలువడెను. దాని ఇంజను వంటి ఇంజను నాడు అరుదు. కాని అదే సమయమున దేశమున వ్యాపారము కుంటువడెను. ఫోర్డు కారు అయిదువందల డాలర్లకు లోపున దొరకుచుండగా, లింకన్ వెల నాలుగువేలకు పైన. అదియుగాక దాని ఆకారము పాతకాలపుది. కారు పైభాగమును రూపొందించిన ఆయన అల్లుడు పూర్వము స్త్రీల టోపీలు చేయు పని నేర్చినవాడట! ఇంజనులో వెంట్రుకవాసి లోపమును సహింపని పెద్దాయన, కంటికి నచ్చు రూపము గూడ సరకులో భాగమేయని తలపలేదు. ఇంతలో ప్రభుత్వము యుద్ధకాలపు లాభములపై పెద్ద పన్నును కోరెను. 1921 నవంబరులో సంస్థ రిసీవరు చేతిలోనికి పోయెను.

1922 ఫిబ్రవరి 4వ తేదీన లింకన్ సంస్థను వేలము వేసిరి. ఎనుబది లక్షల డాలర్లకు దానిని పాడుకొన్నవాడు హెన్రీ ఫోర్డు. ఒకనాడు తన సంస్థకు వెల కట్టిన మనిషి సంస్థను ఆయన కొనెను. లీలండులనే నిర్వాహకులుగా నుంచెదనని మొదట తలచెను గాని, ఆయన మనుష్యులు వచ్చి కర్మాగారపు పద్ధతులను మార్చసాగిరి. నాలుగు నెలలు గడచునప్పటికి, జూను 10వ తేదీన, తండ్రికొడుకులు బయటికి నడచిరి. ఫోర్డు కుమారుడు ఎడ్సెలు కారు ఆకారమును చక్కదిద్దెను. ఇంజను మాత్రము లీలండుదే. ఆ కార్లు బాగుగా అమ్ముడుపోయెను.

లీలండునకు కారును గూర్చిన చింత అంతగా లేదు. తనను నమ్మి వాటాలు కొన్నవారి సొమ్ము పోయినదే యను బాధ ఆయనను వదలలేదు. అప్పులవారికి ఫోర్డు సొమ్ము చెల్లించెను. వాటాదారులకు గూడ చెల్లించెదనని ఫోర్డు మాట యిచ్చెనని లీలండులు పట్టుబట్టి, న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. వ్రాతమూలకమైన ఒడంబడిక లేదు. వేయింట ఒక భాగమును గూడ కొలిచి చూచుకొన్న మనిషి నోటిమాటను నమ్మియుండెను. వ్యాజ్యము ఏండ్లతరబడి సాగి, మిచిగను రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము వరకు పోయి, లీలండులకు ప్రతికూలముగా ముగిసెను.

1932 మార్చి 26వ తేదీన, ఎనుబదితొమ్మిదవ యేట, హెన్రీ లీలండు డెట్రాయిట్ నగరముననే మరణించెను. వాటాదారులకు రావలసిన సొమ్ము రాలేదు.