విజ్ఞాన సర్వస్వ నిర్మాత

మాటకు అర్థం తెలియకపోతే నిఘంటువు చూస్తాం. ఒక విషయాన్ని గురించి సమగ్రంగా తెలుసుకోవాలంటే విజ్ఞాన సర్వస్వం చూస్తాం. సర్వస్వం అంటే ఉన్న ధనమంతా అని అర్థం. జ్ఞానమనే ధనాన్ని ఒకచోట చేర్చిన గ్రంథానికి ఈ పేరు ఎంతో తగినది. తెలుగులో అటువంటి గ్రంథాన్ని నిర్మించడానికి పూనుకొన్న మహనీయుడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు.

ఆయన 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. అక్క భండారు అచ్చమాంబ తమ్ముణ్ణి చేరదీసి నాగపూరులో చదివించింది. ఆమె తరువాత రచయిత్రిగా ప్రసిద్ధి పొందింది. మహారాష్ట్ర ప్రాంతంలో పెరిగిన లక్ష్మణరావు మరాఠీలో వ్యాసాలు రాయగల ప్రావీణ్యం సంపాదించారు. అయినా మాతృభాషను మరువలేదు. ఎం.ఏ. పట్టం పొంది, మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఏర్పడింది. దాని స్థాపకులలో లక్ష్మణరావు ఒకరు. పుస్తకాలు ఉండే చోటును భాషకే నివాసంగా భావించి పెట్టిన పేరు అది. ఆ తరువాత వెలసిన మరికొన్ని గ్రంథాలయాలు కూడా భాషా నిలయాలుగానే పేరు పొందాయి.

చదివే చోటు ఏర్పడితే చాలదు. చదవడానికి మంచి పుస్తకాలూ కావాలి. అప్పట్లో తెలుగులో కావ్యాలు, పురాణాలు ఎన్నో ఉన్నా, చరిత్ర, శాస్త్ర గ్రంథాలు చాలా తక్కువ. ఈ కొరత తీర్చడానికి 1906లో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. మండలి చరిత్రలు, జీవిత చరిత్రలు, శాస్త్ర గ్రంథాలు, నవలలు ప్రచురించింది. లక్ష్మణరావు స్వయంగా శివాజీ చరిత్ర రాశారు.

తరువాత ఆయన మద్రాసులో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని ప్రారంభించారు. వేదాలు మొదలు ఆధునిక శాస్త్రాల వరకు అన్ని విషయాలనూ అకారాది క్రమంలో వివరించాలని సంకల్పించారు. పండితుల చేత వ్యాసాలు రాయించారు. తామూ ఎన్నో రాశారు. మూడు సంపుటాలు వెలువడినా ‘అ’ అక్షరం దాటలేదు. ఇంతలో 1923 జూలై 12న, నలభై ఆరేళ్ల వయసులోనే ఆయన మరణించారు.

ఆ పని అంతటితో ఆగిపోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు దానిని కొనసాగించడానికి కృషి చేశారు. ఆ పిమ్మట తెలుగు భాషా సమితి విషయాల వారీగా విజ్ఞాన సర్వస్వ సంపుటాలను వెలువరించింది. కొందరు ఇటువంటి గ్రంథాలను విజ్ఞానకోశాలని కూడా అంటారు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా తనను స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వంగా చెప్పుకొంటున్నది. కాగితం స్థానంలో కంప్యూటరు వచ్చినా మాట మారలేదు.

లక్ష్మణరావు మొదటి అక్షరం వద్దనే ఆగిపోవలసి వచ్చింది. కాని అన్ని శాస్త్రాలనూ తెలుగులో చెప్పవచ్చునన్న నమ్మకాన్ని ఆయన తరువాతి తరాలకు అందించారు.