గిడుగు వెంకట రామమూర్తి

గిడుగు వెంకట రామమూర్తి (1863 ఆగష్టు 29 - 1940 జనవరి 22) తెలుగు వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడు, బహుభాషావేత్త, చరిత్రకారుడు, ఉపాధ్యాయుడు. సవర భాషకు వ్యాకరణాన్ని, నిఘంటువును నిర్మించాడు. మనిషికి తాను ఎవరన్న భావన చుట్టూ ఉన్నవారితో మాటలు కలపడంలోనే ఏర్పడుతుందని చెప్పే సమాజశాస్త్ర సిద్ధాంతాన్ని అర్థం చేసుకొనడానికి తెలుగు ప్రాంతంలో ఆయన కృషి ఒక మంచి ఉదాహరణ.

బాల్యం, విద్య

రామమూర్తి నేటి శ్రీకాకుళం జిల్లాలో, వంశధార తీరాన ముఖలింగ క్షేత్రానికి సమీపంలో ఉన్న పర్వతాలపేటలో జన్మించాడు. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. 1875లో తండ్రి మరణించగా విజయనగరంలో మేనమామ ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివాడు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంపై ఉపాధ్యాయుడుగా చేరాడు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి బి.ఎ. పట్టా పొందాడు. ముఖలింగ ఆలయ శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకొని వాటిపై వ్యాసాలు ప్రకటించాడు.

సవర భాషాధ్యయనం

విజయనగరం నుండి గజపతినగరం, బొబ్బిలి, పార్వతీపురం మీదుగా సాగే దారి తూర్పు కనుమల అంచుకు చేరుతుంది. పార్వతీపురం నుండి పర్లాకిమిడి వరకు గల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష ముండా శాఖకు చెందినది, తెలుగుతో దానికి చుట్టరికం లేదు. ఆ కాలంలో దానికి బడిలో స్థానం లేదు, పాఠ్యపుస్తకాలూ లేవు.

గిడుగు సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక వ్యక్తిని జీతమిచ్చి తన ఇంటనే ఉంచుకొని, అతనితో మాట్లాడుతూ ఆ భాష నేర్చుకొన్నాడు. తరువాత సవర గ్రామాలకు వెళ్ళి కథలు, పాటలు సేకరించాడు. సవర భాషలో వాచకాలు వ్రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించాడు. మన్యంలో తిరిగినప్పుడు సోకిన మలేరియాకు క్వినైను వాడవలసి వచ్చి వినికిడి కోల్పోయాడు. చెవితో భాషను నేర్చినవానికి ఇది పెద్ద నష్టమే అయినా పని విడువలేదు. కుమారుడు గిడుగు వెంకట సీతాపతి ఈ కృషిలో తోడ్పడ్డాడు. మద్రాసు ప్రభుత్వం 1913లో రావ్ బహద్దూర్ బిరుదు ఇచ్చింది. ఆయన సవర వ్యాకరణం 1931లో ఆంగ్లంలో వెలువడింది. ఆపై సవర-ఇంగ్లీషు నిఘంటువును కూర్చాడు.

వ్యావహారిక భాషోద్యమం

ఉత్తరాంధ్ర పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ పుస్తకాలలోని తెలుగుకు, జనం మాట్లాడే తెలుగుకు గల దూరాన్ని గమనించాడు. యేట్స్, గిడుగు, గురజాడ, విశాఖపట్నంలోని పి.టి. శ్రీనివాస అయ్యంగార్ కలసి శిష్టవ్యావహారికానికి విద్యలో స్థానం కోరారు. జయంతి రామయ్య మొదలైన గ్రాంథికవాదులు వ్యతిరేకించారు. గిడుగు శాసనాల నుండి, ప్రాచీన గ్రంథాల నుండి ఉదాహరణలు చూపి, ఊరూరా సభలలో వాదించాడు. 1919లో తెలుగు అనే మాసపత్రిక నడిపాడు. బాలకవి శరణ్యం, గద్య చింతామణి ఆయన ఇతర రచనలు.

సమాజశాస్త్ర దృష్టి

గిడుగు పుట్టిన 1863లోనే అమెరికాలో జార్జ్ హెర్బర్ట్ మీడ్ జన్మించాడు. షికాగో విశ్వవిద్యాలయంలో మీడ్ చేసిన ఉపన్యాసాలు మరణానంతరం 1934లో పుస్తకంగా వచ్చాయి. వాటిపై పెరిగిన వాదానికి హెర్బర్ట్ బ్లూమర్ 1937లో ప్రతీకాత్మక పరస్పరచర్యావాదం అని పేరు పెట్టాడు. దీని ప్రకారం ఆత్మభావన పుట్టుకతో రాదు. శిశువు ఇతరుల సైగలను, మాటలను గ్రహించి, వారి స్థానంలో నిలిచి తనను తాను చూసుకొనడం నేర్చుకొంటాడు. ఇతరుల తీర్పు మనకు అద్దం వంటిదని చార్లెస్ హోర్టన్ కూలీ 1902లోనే వివరించాడు.

ఈ దృష్టితో చూస్తే బడి కూడా ఒక అద్దమే. ఇంట్లో తెలివైనవాడనిపించుకొన్న సవర బాలుడు, తన మాట ఎవరికీ తెలియని బడిలో ఏమీ రానివాడుగా కనిపిస్తాడు. కొంతకాలానికి తానూ అలాగే అనుకొంటాడు. గజపతినగరం వంటి ఊళ్ళలో రైతు బిడ్డ ఇంటి తెలుగుకు గ్రామ్యం అన్న ముద్ర పడినప్పుడు జరిగేదీ అదే. ఆ ముద్ర భాషతో ఆగక, మాట్లాడేవాని మీద కూడా పడుతుంది. గిడుగు వాదనలకు ఆధారం భాషాశాస్త్రం, చరిత్ర, బోధనానుభవం. మీడ్ సిద్ధాంతం పుస్తకరూపం పొందకముందే ఆయన బడులు నడిచాయి. అయినా పిల్లవానికి తన భాషలో పాఠం చెప్పడమంటే అతని ఎదుట మరొక అద్దాన్ని నిలపడమే.

చివరి రోజులు

కైజర్-ఇ-హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి కళాప్రపూర్ణ బిరుదు లభించాయి. పర్లాకిమిడిని ఒడిషాలో చేర్చడాన్ని ఆయన ప్రతిఘటించాడు. 1936 ఏప్రిల్ 1న ఆ రాష్ట్రం ఏర్పడినప్పుడు, యాభై ఏళ్ళకు పైగా నివసించిన ఊరిని విడిచి రాజమండ్రి చేరాడు. 1940 జనవరి 22న మరణించాడు. ఆయన జన్మదినమైన ఆగష్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు.