ఫినియాస్ గేజు శేషజీవితము

మాటలాడుట, లెక్క కట్టుట, పాతసంగతులు జ్ఞప్తియందుంచుకొనుట, ఒక పని చేయదగునో తగదో నిర్ణయించుకొనుట - ఇవన్నియు బుద్ధి యను నొక్క చెలమనుండి ఊరునవే యని సామాన్యముగా తలంతుము. వీనిలో కడపటిది, తక్కినవి చక్కగా నుండగనే, వేఱుగా చెడిపోవచ్చునని ఒక రైలుదారి మేస్త్రీ జీవితము తెలిపినది. ఆతని పేరు ఫినియాస్ గేజు.

గేజు 1823లో అమెరికాలోని న్యూహాంప్‌షైరు రాష్ట్రమున జన్మించెను. బడిచదువు స్వల్పమే. అయినను 25 ఏండ్లకే కొండరాళ్లు పగులగొట్టి రైలుదారి వేయు కూలీలపై మేస్త్రీ అయ్యెను. పని నేర్పరి యనియు, తలపెట్టినదానిని తుదముట్టించువాడనియు యజమానులు ఆతని నెంతయో మెచ్చుకొనెడివారు.

1848 సెప్టెంబరు 13వ తేదీ సాయంకాలము వెర్మాంటు రాష్ట్రమందలి కావెండిష్ గ్రామసమీపమున పని జరుగుచుండెను. బండలో తొలిచిన రంధ్రమున తుపాకిమందు పోసి, వత్తి పెట్టి, పైన ఇసుక నింపి, ఇనుపకడ్డీతో దట్టించుట వాడుక. ఆనాడు మందు దట్టించుచుండగా అది హఠాత్తుగా ప్రేలినది. 3 అడుగుల 7 అంగుళముల పొడవు, 13 పౌనులకు మించిన బరువు గల కడ్డీ గేజు ఎడమ చెంపలో దూరి, కంటి వెనుకగా పోయి, నెత్తిని చీల్చుకొని దూరమున పడినది.

ఆతడు చావలేదు. కొన్ని నిమిషములకే మాటలాడెను. ఎడ్లబండిలో కూర్చుండి ఊరు చేరి, వచ్చిన వైద్యునకు జరిగినది తానే చెప్పెను. పిమ్మట డాక్టరు జాన్ హార్లో చికిత్సకు పూనుకొనెను. పుండు చీము పట్టుటకు సూక్ష్మజీవులు కారణమని వైద్యలోకము గుర్తింపని కాలమది. గేజు తెలివి తప్పి పడియుండగా ఆప్తులు శవపేటికను సైతము సిద్ధపఱచిరి. హార్లో చీముగడ్డను కోసి ఆతని బ్రదికించెను. పదివారములకు గేజు తల్లిదండ్రుల యిల్లు చేరెను. ఎడమకంటి చూపు పోయినది. నడక, మాట, జ్ఞాపకము నిలిచినవి.

పోయినదేదో తరువాత తెలిసినది. హార్లో వ్రాసినదానిని బట్టి, ఆతడు ఒక యూహ పన్నును, అమలునకు రాకమునుపే దానిని విడిచి మఱియొకటి పట్టును. తన కోరిక కడ్డువచ్చు సలహాను సహింపడు. మునుపెన్నడును నోట రాని దుర్భాషలు దొరలును. పాతమిత్రులకు ఆతడు పరాయి మనిషివలె తోచెను. యజమానులు మేస్త్రీపని మరల ఈయలేదు.

కడ్డీ చీల్చినది నుదుటి వెనుకనుండు మెదడు భాగమును. ఎడమవైపు చెడెననుట నిర్వివాదము. కుడివైపు మాటలో 1994, 2004 సంవత్సరముల పరిశోధకులు ఏకీభవింపలేదు. రాబోవు ఫలమును ముందుగా తూచుట, తొందరను అణచుకొనుట, దెబ్బ తిన్నపిదప దారి మార్చుకొనుట ఈ భాగము సాయమున జరుగుచుండును. 1994లో అమెరికాలోని అయోవాలో ఇట్టి రోగులచేత ఒక పేకాట ఆడించిరి. కొన్ని కట్టలలో లాభము పెద్దది, కాని అప్పుడప్పుడు వచ్చు నష్టము అంతకంటె పెద్దది; మఱికొన్నిటిలో లాభము చిన్నది, కాని తుదకు మిగులును. ఆరోగ్యవంతులు కొంతసేపటికి చెడ్డకట్టల జోలి మానిరి. రోగులు తెలివితేటలలో లోపము లేనివారే. అయినను వానినే తీయుచుండిరి. అనుభవము పాఠము కాకపోవుట యనగా నిదియే.

ఇంతవఱకే తెలిసినవారు గేజును త్రాగుబోతుగా, ఏ పనియందును నిలువని దేశదిమ్మరిగా చిత్రించిరి. ఆధారములు ఆ చిత్రమును సమర్థింపవు. ఆతడు స్వస్థలమున గుఱ్ఱపుశాలలో పని కుదిరి, 1852లో దక్షిణ అమెరికాలోని చిలీదేశమునకు పోయి, వాల్పరైసో ప్రాంతమున సుమారు ఏడేండ్లు ప్రయాణికుల బండ్లు తోలెను. ఆఱేసి గుఱ్ఱములు పూన్చిన బండ్లవి. గుఱ్ఱముల పగ్గములన్నియు వేఱువేఱుగా పట్టి, ఎగుడుదిగుడు దారిలో మలుపు నెఱిగి నడుపుట క్షణక్షణమును నిర్ణయము కోరు పని. అచ్చట ఆతని నెఱిగిన యొక వైద్యుడు ఆతని మనశ్శక్తులలో కొఱత కనబడలేదని చెప్పెను. వేళకు లేచుట, పశువులను మాలిమిచేయుట, తెలిసిన దారినే దినదినము పోవుట - ఇట్టి నియతమైన బ్రదుకు ఆతనికి పోయిన విచక్షణను మెల్లగా మరల నేర్పెనని చరిత్రకారుడు మాల్కం మాక్‌మిలన్ యభిప్రాయము. ఇది నిరూపితమని చెప్పరాదు గాని, ఏడేండ్ల కొలువునకు మఱే వివరణమును ఇంత తృప్తికరముగా నుండదు.

1859లో ఆరోగ్యము చెడి శాన్‌ఫ్రాన్సిస్కోలోని తల్లిని చేరెను. కొలదినాళ్లకే పొలముపనికి పోయెను. మూర్ఛలు ఆరంభమై 1860 మే 21న, 36 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఈ వార్త హార్లోకు 1866లో గాని అందలేదు. తల్లి యనుమతితో గోరీ త్రవ్వించి కపాలమును తెప్పించుకొని, 1868లో మార్పును గూర్చిన ఆ వృత్తాంతమును ప్రకటించెను. గేజు బ్రదికినన్నాళ్లు వెంట నుంచుకొనిన కడ్డీయు, ఆ కపాలమును నేడు హార్వర్డు విశ్వవిద్యాలయపు వారెన్ మ్యూజియమున నున్నవి.