కులవృద్ధుడు మధుసూదన్ దాస్

ఏటేట ఏప్రిల్ 28వ దినమున ఒడిశా రాష్ట్రమందలి న్యాయవాదులు తమ దినోత్సవమును జరుపుకొందురు. అది మధుసూదన్ దాసుగారి జన్మదినము. ఒడియా ప్రజలు ఆయనకు ఉత్కళ గౌరవుడనియు, కులవృద్ధుడనియు బిరుదము లిచ్చిరి. కులవృద్ధుడనగా ఇంటికి పెద్ద. యౌవనమందే క్రీస్తును వెంబడించినందున పుట్టినింటి పంక్తికి దూరమై, కడుపున పుట్టిన బిడ్డలు లేక, ముప్పదియేండ్లకే భార్యను సమాధి చేసిన మనుష్యుని ఒక జాతి యంతయు ఇంటిపెద్ద యని పిలుచుట ఆశ్చర్యమే. ఆ పేరు ఆయనకు ఎట్లు చెల్లెనో తెలిసికొనుట మనకు మేలు.

దాసుగారు 1848వ సంవత్సరమున కటకము జిల్లాలోని సత్యభామాపూర్ గ్రామమున, కరణ కులమునకు చెందిన ఒక భూస్వామి కుటుంబములో జన్మించిరి. తండ్రి రఘునాథ దాస్ చౌదరి; తల్లి పార్వతీదేవి. కటకములో ఇంగ్లీషు చదువు నేర్చి, 1864లో ప్రవేశ పరీక్ష నిచ్చి, బాలేశ్వరమున కొంతకాలము ఉపాధ్యాయులుగా నుండిరి. 1866లో ఆ దేశమును ఘోరమైన క్షామము పట్టుకొనెను. జనాభాలో మూడవ వంతు నశించెనని చరిత్రకారుల అంచనా. ఆ సంవత్సరమే పదునెనిమిదేండ్ల ఈ యువకుడు పైచదువు కొరకు కలకత్తా చేరెను. పరాయి నగరములో, పరాయి భాషవారి నడుమ, పిల్లలకు చదువు చెప్పి సంపాదించిన కొద్దిపాటి సొమ్ముతో కాలము గడపెను. ఆ కలకత్తాలోనే 1868లో ఆయన క్రైస్తవ విశ్వాసమును బహిరంగముగా అంగీకరించెను.

ఆ దినములలో ఈ నిర్ణయమునకు చెల్లింపవలసిన వెల యేమో మన పెద్దలను అడిగిన తెలియును. కులము నుండి వెలి. బంధువులతో కలిసి భుజించుటకు వీలులేదు. స్వగ్రామమునకు పోయినను అతిథివలె ఎడముగా నుండవలసినదే. దాసుగారు ఈ వెల నెరిగియే అడుగు వేసిరి. అయితే క్రీస్తును చేపట్టినందున తన ప్రజలను విడువవలెనని ఆయన ఎన్నడును తలంచలేదు. ఇంటివారు దూరము చేసిన ఇంటినే ఆయన జీవితాంతము సేవించిరి. ఆయన చరిత్రకు తాళపుచెవి ఇదియే.

1870లో బి.ఏ., 1873లో ఎం.ఏ., 1878లో న్యాయశాస్త్ర పట్టమును పొంది, ఈ మూడింటిని సాధించిన మొదటి ఒడియా పౌరుడైరి. అనంతరకాలమున కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగాను, విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగాను వన్నెకెక్కిన ఆశుతోష్ ముఖర్జీగారు బాలుడై యుండగా ఆయనకు చదువు చెప్పినవారిలో దాసుగారొకరు. సౌదామినీదేవి యను బెంగాలీ క్రైస్తవ యువతిని వివాహమాడిరి గాని, ఆ దాంపత్యము స్వల్పకాలమే నిలిచెను. న్యాయవాద పట్టము చేతికి వచ్చిన 1878వ సంవత్సరమే ఆమె మరణించెను. ఆయన మరల వివాహము చేసికొనలేదు. మరి యాబదియారేండ్లు జీవించిరి.

1881లో కటకమునకు తిరిగివచ్చి న్యాయవాద వృత్తి నారంభించిరి. ఆయన వాదించిన వ్యాజ్యములన్నింటిలో పూరీ జగన్నాథ దేవాలయమునకు సంబంధించినది మిక్కిలి ప్రసిద్ధము. పూరీ రాజు శిక్షింపబడి అండమాన్ దీవులకు పంపబడగా, బాలుడైన వారసుని పక్షమున రాణి సూర్యమణిగారు దేవాలయ వ్యవహారములను చూచుచుండిరి. ప్రభుత్వము ఆ అధికారమును తొలగించి, తాను నియమించిన వానికి అప్పగింప జూచెను. రాణిగారు కటకములోని క్రైస్తవ న్యాయవాదిని ఆశ్రయించిరి. వ్యాజ్యము కలకత్తా హైకోర్టు వరకు పోయి రాణిగారి పక్షమున తీరెను. క్రైస్తవుడు దేవాలయము పక్షమున నిలుచుటేమి యని కొందరు పాఠకులు సందేహింపవచ్చును. దాసుగారు అచ్చట విగ్రహమును గూర్చి వాదింపలేదు. బలవంతుడైన ప్రభుత్వము బలహీనురాలైన స్త్రీ హక్కును తీసికొనరాదని వాదించిరి. విధవరాలికి న్యాయము తీర్చుమని ప్రవక్తలు ఆజ్ఞాపించినప్పుడు ఆమె విశ్వాసమేమని ముందుగా విచారింపుమనలేదు గదా.

ఇక ఆయన గృహజీవితము. కలకత్తాలో తన మిత్రులైన అంబికా చరణ్ హజ్రాగారి కుమార్తె శైలబాలను ఆయన దత్తపుత్రికగా స్వీకరించిరి. ఆడపిల్లకు అక్షరములు నేర్పుటయే అధికమని తలంచు కాలమున ఆమెను ఇంగ్లండునకు పంపి చదివించిరి. ఆమె తిరిగివచ్చి ఒడిశాలో స్త్రీవిద్యకు పునాదులు వేసిన వారిలో ముఖ్యురాలైనది. కటకములోని శైలబాల మహిళా కళాశాల ఆమె పేరు ధరించియున్నది. ఆ కళాశాల నెలకొన్నది దాసుగారు నివసించిన గృహమునందే. శైలబాల చెల్లెలు సుధాంశుబాల న్యాయశాస్త్రము చదివి, 1921లో పాట్నా హైకోర్టు పరిధిలో న్యాయవాదిగా నమోదు చేయుమని కోరెను. స్త్రీ యనెడి కారణమున న్యాయస్థానము నిరాకరించెను. ఆ నిరాకరణము వ్యర్థము కాలేదు. 1923లో వచ్చిన చట్టము స్త్రీలకు ఆ ద్వారమును తెరచెను. మరియొక వంక, ఆయన తమ్ముడు గోపాల వల్లభ దాసుగారి కుమార్తె రమాదేవి స్వాతంత్ర్య సమరమందును, గ్రామసేవయందును పేరుపొందెను. పుత్రులు లేని యింట ఇట్టి కుమార్తెలు పెరిగిరి.

వృత్తియందు సంపాదించిన ధనమును ఆయన దాచుకొనలేదు. కటకపు కంసాలులు వెండితీగతో చేయు సన్నని పని మన కరీంనగరపు పనివలెనే ప్రసిద్ధము. ఆ పనివారు దళారుల చేత చితికిపోవుచుండగా, 1897లో ఒరిస్సా ఆర్ట్ వేర్స్ అను కర్మశాలను స్థాపించి వారికి పనియు, విలువయు కలుగజేసిరి. 1905లో ఉత్కళ టానరీ యను తోళ్ల కర్మాగారమును నెలకొల్పిరి. ఉన్నత కులమున పుట్టినవాడు తోలును తాకుట నాడు వినరాని మాట. పచ్చితోళ్లు చౌకగా విదేశములకు పోయి, చెప్పులై అధికమైన వెలకు తిరిగివచ్చుచున్నవనియు, తోలుపనిని నీచమని యెంచుట వలన దేశము బీదదగుచున్నదనియు ఆయన గ్రహించిరి. 1925లో కటకమునకు వచ్చిన గాంధీగారు ఆ కర్మాగారమును చూచి, దాసుగారి ఆలోచనను గూర్చి తమ పత్రికలో వ్రాసిరి. యొప్పేలో అపొస్తలుడైన పేతురు బసచేసినది చర్మకారుడైన సీమోను ఇంటనే యని మనము చదివియున్నాము.

అప్పటికి ఒడియా మాటలాడువారు బెంగాలు, మద్రాసు, మధ్యపరగణాల పాలనల క్రింద చీలియుండిరి. సంబల్‌పూరులో 1895 మొదలు కచేరీ వ్యవహారములు హిందీలో జరుగవలెనని ప్రభుత్వము శాసించెను. ఈ దుస్థితిని బాపుటకు దాసుగారు 1903 డిసెంబరు నెలలో కటకమున ఉత్కళ సమ్మేళనమును సమకూర్చిరి. మన తెలుగువారికిని ఈ చరిత్రతో సంబంధము కలదు. గంజాము జిల్లా నాడు మద్రాసు రాజధానిలో నుండెను. బరంపురము, పర్లాకిమిడి ప్రాంతములలో తెలుగువారును ఒడియావారును ఇరుగుపొరుగున జీవించుచు, సరిహద్దును గూర్చి చాలకాలము వాదించుకొనిరి. ఆ వాదములు తీరి, ప్రత్యేక ఒరిస్సా రాష్ట్రము 1936 ఏప్రిల్ 1న ఏర్పడెను. తరువాత మన ఆంధ్రులును భాష పేరనే రాష్ట్రమును సాధించుకొనిరి.

1921లో ఆయన బీహారు-ఒరిస్సా ప్రభుత్వమున స్థానిక స్వపరిపాలన మంత్రి యైరి. పురపాలక సంఘముల సభ్యులు జీతము లేక పనిచేయుచుండగా, వారిపై అధికారియైన మంత్రి జీతము తీసికొనుట తగదని ఆయన మనస్సాక్షికి తోచెను. జీతము లేకుండ పనిచేయుటకు అనుమతి కోరిరి. ప్రభుత్వము అంగీకరింపలేదు. 1923లో పదవిని విడిచిపెట్టి ఇంటికి వచ్చిరి. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదియైదు, ధనవంతుడును కాడు. తోళ్ల కర్మాగారము అప్పులలో మునిగి, తుదకు ఆయనను దివాలాకు ఈడ్చెను. జీవితమంతయు ఇతరుల ఆస్తుల కొరకు వాదించిన న్యాయవాది తన ఆస్తి పోవుటను వృద్ధాప్యమున కన్నులార చూచెను. 1934 ఫిబ్రవరి 4న, ఎనుబదియైదేండ్లు నిండిన పిమ్మట, కటకములో ఆయన ప్రభువునందు నిద్రించిరి. తాను కోరిన రాష్ట్రమును చూడకయే, దానికి రెండేండ్ల ముందు వెళ్లిపోయిరి.

ప్రియ పాఠకులారా, లోకపు లెక్కలలో ఈ జీవితపు తుది నష్టముగానే కనబడును. కర్మాగారము పోయినది, సొమ్ము పోయినది, రక్తవారసులు లేరు. అయినను కుమార్తె పేర కళాశాల మిగిలెను. స్త్రీలకు న్యాయస్థానపు ద్వారము తెరువబడెను. ఒక ప్రజకు ఇల్లు దొరకెను. మనమందరము దేవుని యింట జన్మహక్కు చేత గాక దత్తతచేత బిడ్డలమైనవారమని అపొస్తలుడు మనకు బోధించియున్నాడు. దత్తత పొందినవాడు దత్తత చేయుటకు వెనుదీయరాదు. మన కుటుంబములలో పెద్దరికము వయస్సుచేతను, ఆస్తిచేతను, పుత్రసంతానముచేతను కొలువబడుచుండ, ఈ కులవృద్ధుని జీవితము మనకు వేరొక కొలత నిచ్చుచున్నది. మన యింట ఎందరు పుట్టిరను దానికంటె, మన నీడన ఎందరు తలయెత్తి నిలిచిరనునదే పెద్దరికమునకు గురుతు. మన బలిపీఠములయొద్ద కూర్చుండు వృద్ధులు గాని, నేడే సంసారము నారంభించు యువకులు గాని, ఈ సంవత్సరమున తమ యింటి తలుపు ఏ బిడ్డకు తెరువవలెనో ప్రార్థనాపూర్వకముగా ఆలోచింతురు గాక.