ఇంజన్ చప్పుడు విన్న మనిషి – సర్ హ్యారీ రికార్డో

ముగ్గురం ఒకే బండి మీద నిజాంసాగర్ కట్ట వైపు పోతుంటే ఎత్తు దగ్గర ఇంజన్ టకటకా కొట్టుకోవడం మనందరికీ తెలిసిందే. గేరు మార్చి ముందుకు పోతాం. ఆ చప్పుడు ఎందుకు వస్తుందో తెలుసుకోవడానికి ఏండ్ల తరబడి శ్రమించిన ఇంజనీరు రికార్డో. ఆయన గురించి మాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాం.

రికార్డో 1885 జనవరి 26న లండన్‌లో జన్మించారు. తండ్రి భవనశిల్పి. తల్లి తండ్రి అలెగ్జాండర్ రెండెల్ భారతదేశ రైల్వేలకు సలహాలిచ్చిన ఇంజనీరు. ఆయనది మనలాంటి ఇల్లు కాదు, ఆ మాట దాచడం సరికాదు.

1903లో కేంబ్రిడ్జ్‌లో చేరారు. సుమారు 1.14 లీటర్ల పెట్రోలుతో ఎవరు ఎక్కువ దూరం పోతారని అక్కడ పోటీ పెట్టారు. ఆయన బండి అన్నింటికంటే బరువైనది. అయినా 64 కిలోమీటర్లు నడిపి గెలిచారు. అది చూసి ప్రొఫెసర్ హాప్కిన్సన్ ఆయనను పరిశోధన వైపు మళ్లించారు. మొదటి ప్రపంచయుద్ధంలో ట్యాంకులకు 150 హార్స్‌పవర్ ఇంజన్ తయారుచేసి పేరు పొందారు.

సిలిండరులో మంట ఇంకా చేరని మూలన ఉన్న వాయువు వేడికి, ఒత్తిడికి తాళలేక తనంతట తానే అంటుకుంటుంది. ఆ చప్పుడు అదేనని ఆయన తేల్చారు. అది ఆగకపోతే పిస్టన్ పాడవుతుంది. టర్బో గాలిని ఒత్తి లోపలికి పంపుతుంది కాబట్టి బలం పెరుగుతుంది, దాంతోపాటే ఈ ప్రమాదమూ పెరుగుతుంది.

దీనికి మందు నీళ్లే! ఇంజన్‌ను చల్లబరచడానికి హాప్కిన్సన్ 1913లోనే సిలిండరులోకి నీళ్లు చిమ్మి చూశారు. ఒత్తిడి పెంచిన ఇంజన్లలో నీళ్లు, ఆల్కహాల్ చిమ్మితే చప్పుడు ఆగుతుందని, బలాన్ని ఇంకా పెంచవచ్చని రికార్డో చూపించారు. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,257 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడిని లోపలి నుండే లాక్కుంటుంది. ఆల్కహాల్ కూడా చల్లబరుస్తుంది, తాను మండుతుంది, చలిలో నీళ్లను గడ్డకట్టనివ్వదు. రెండో ప్రపంచయుద్ధ విమానాలు ఈ పద్ధతి వాడాయి. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ టర్బో కారులో నీళ్లు, మిథనాల్ కలిపి పోసే తొట్టి ఉండేది. అది ఖాళీ అయితే కారు తనంతట తానే ఒత్తిడి తగ్గించుకునేది. మిథనాల్ విషం. ఒకప్పుడు బోధన్ ఫ్యాక్టరీకి మన కాలువల కింద పండించిన చెరుకు మడ్డి నుండి వచ్చింది ఇథనాల్, అది వేరు.

1929లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. 1948లో సర్ బిరుదు వచ్చింది. 1974 మే 18న కన్నుమూశారు.

మా ఇండ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. ఇంటర్‌లో మా గదిలో ఒకడు పరీక్షల ముందు పెట్టె సర్దుకుని ఊరికి పోయాడు, మళ్లీ రాలేదు. చాలా రోజులుగా అన్నం సరిగా తినలేదు, రాత్రిళ్లు నిద్రపోలేదు. అది చూసి కూడా ఇంకా గట్టిగా చదవమనే చెప్పాం. ఇంటి ఆశలన్నీ వాడి మీదే ఉన్నాయని గుర్తుచేశాం. ఇంజన్ చప్పుడును రికార్డో విన్నంత శ్రద్ధగా మేము మా దోస్తును వినలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పై చదువులకు పోవాలి, ఒత్తిడి తప్పదు. కానీ పక్కవాడు మాట తగ్గించాడంటే పుస్తకం మూసి ఒక్క పూట వాడి దగ్గర కూర్చోండి.